పాత డిస్కులో సత్యవేణి

పాత ల్యాప్‌టాప్‌కి ప్రాణం పోయడంలో కోటిలింగాన్ని మించినవాడు కాకినాడలో లేడని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు. స్విచ్చి నొక్కి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి బోర్లించినా తెర వెలగని ఎనిమిదేళ్ళ నాటి ల్యాప్‌టాప్ ఆయన చేతిలో పడితే, మర్నాటికి స్విచ్చి మీద నుంచి వేలు తీసేలోపు లేచి కూర్చునేది. చేసేది మంత్రమేమీ కాదు. లోపల గిర్రున తిరిగే పాత హార్డ్‌డిస్కు తీసేసి, తిరగడమంటే ఏమిటో తెలియని కొత్త ఎస్.ఎస్.డి. బిగించడమే. ఆ పని ఊళ్ళో ఇరవైమంది చేస్తారు. కానీ కోటిలింగం పద్ధతి వేరు.

వెనకమూత విప్పేముందు తెల్లకాగితం మీద ల్యాప్‌టాప్ బొమ్మ గీసుకునేవాడు. ఏ మూల ఊడదీసిన స్క్రూ బొమ్మలో ఆ మూలే పెట్టేవాడు. తరవాత పాలిష్ పట్టేవాడు. పాలిష్ అన్నది ఆ షాపువాళ్ళ మాట. ఏళ్ళ తరబడి పడి ఉన్న రాత డిస్కు మీద అక్కడక్కడా పలచబడుతుంది. అలాంటిదాన్ని కొత్తదానిలోకి కాపీ చెయ్యబోతే సగంలో మొరాయిస్తుంది. అందుకని మొదటి గడి నుంచి చివరి గడి దాకా ఒక్కొక్కటీ చదివించి, ఉన్నదాన్నే ఉన్నచోటే మళ్ళీ గట్టిగా రాయించేవాడు. దానికి మూడు గంటలు పట్టేది. "ఎవడికుంది అంత తీరిక?" అని మిగతా షాపులవాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ అనుకునేవాడు కోటిలింగం. అరిగిన అక్షరాన్ని ముందు దిద్దాలి, తరవాతే ఎత్తి రాయాలి అని పని నేర్పిన గురువు చెప్పాడు. ఆయనకి గురువు మాట వేదం.

పని అయ్యాక పాత డిస్కుని పారెయ్యడు, ఇంకొకరికి అమ్మడు. చిన్న గుడ్డసంచీలో పెట్టి, పేరూ తేదీ రాసి, సొంతదారు చేతికే ఇస్తాడు. ఆ సంచీలు కుట్టేది భార్య సత్యవేణి. జాకెట్టు ముక్కలతో, లాగితే మూతి ముడుచుకునే తాడుతో అంత ముచ్చటగా కుట్టి ఇస్తే ఎవరికి మాత్రం పారెయ్య బుద్ధవుతుంది? సగం కాకినాడ బీరువాల్లో, పట్టుచీరల అడుగున, ఆ సంచీలు పద్నాలుగేళ్ళుగా చల్లగా పడి ఉన్నాయి.

ఆ పద్నాలుగేళ్ళూ సత్యవేణి పనిబల్ల పక్కన స్టూలు మీదే కూర్చుంది. ఆవిడది మామూలు గొంతు కాదు. కూర్చున్నచోటు నుంచి "బాబీ, నాలుగు టీలు!" అంటే సందు చివర టీకొట్టులో గ్లాసులు కదిలేవి. వచ్చినవాళ్ళతో మాట్లాడేది ఆవిడే, బేరం ఆడేది ఆవిడే, మొగుడు పెట్టడం మరిచిపోయిన స్క్రూని లెక్కపెట్టి పట్టుకునేది ఆవిడే. కోటిలింగం తల వంచి పని చేసుకునేవాడు. అడిగినదానికి "ఊఁ" అనేవాడు. సంసారం మొత్తం మీద ఆయన ఎక్కువగా వాడిన మాట అదే.

రెండేళ్ళ కిందట ఆవిడ కంఠంలో గడ్డ బయటపడింది. పెద్దాసుపత్రి డాక్టరు ఫోటోలు వెలుగుకి పెట్టి చూసి, "ఒక నాలుగు నెలలు ముందు వచ్చుంటే గొంతు నిలబెట్టేవాళ్ళం" అన్నాడు. గొంతు తీసేసి మనిషిని నిలబెట్టారు. అదే పదివేలు అనుకున్నారు అందరూ. చూడవచ్చిన ప్రతి చుట్టానికీ కోటిలింగం కళ్ళొత్తుకుంటూ ఒకటే మాట చెప్పేవాడు: "ఒక్క ముక్క నా చెవిన వెయ్యలేదండీ మహాతల్లి! అన్నీ కడుపులో పెట్టుకుంది." అలా చెబుతున్నప్పుడు సత్యవేణి ఒళ్ళో రాతపలక ఉండేది. మీట నొక్కితే రాసింది చెరిగిపోయే పలక. ఆవిడ దాని మీద ఏమీ రాసేది కాదు. మీట మాత్రం ఒకసారి నొక్కేది.

ఆసుపత్రివాళ్ళు మెడకి కట్టుకునే పట్టీ ఒకటి ఇచ్చారు. పెదవులూ గొంతు కండలూ కదిలితే కనిపెట్టి, ఆ మాటల్ని పైకి పలుకుతుంది. మొదటిరోజే ఆవిడ దాన్ని విప్పేసి పలక మీద రాసింది: "రైలు ఎన్నో నెంబరు మీదకొస్తందో చెప్పే ఆవిడ గొంతు ఇది. నా ఇంట్లో ఇంకోమనిషి మాట్లాడతన్నట్టు ఉంది. వద్దు."

సొంత గొంతు కనీసం గంటసేపు ఉంటే పట్టీకి ఆ గొంతే అమరుస్తామన్నారు. ఇల్లంతా వెతికారు. "నా గొంతు నాకే కాకి అరిచినట్టుంటది" అని వీడియోకి ఫోను ఎత్తితే చాలు పక్కకి తప్పుకునే మనిషి ఆవిడ. పెళ్ళి వీడియోల్లో బాజాల కింద, పుట్టినరోజుల్లో చప్పట్ల వెనక, అన్నీ కలిపితే నాలుగు నిమిషాలు తేలింది.

అప్పుడు వచ్చింది ఎస్తేరు రాణి.

ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే మనిషి. పాత ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టి, "కొత్త డిస్కు వెయ్యండి. కానీ పాతదాన్ని ముట్టుకోవద్దండి. విప్పి నా చేతికిచ్చెయ్యండి" అంది.

"పాలిష్ పట్టకుండానా?" అన్నాడు కోటిలింగం. స్నానం చెయ్యకుండా మడికట్టుకోమన్నట్టు చూశాడు.

"పాలిష్ ఏమిటండీ?"

ఆయన చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, ఏదో అడగబోయి ఆగి, "ఒకసారి మా ల్యాబుకి రాగలరా? మీలాంటి చెయ్యి తిరిగిన మనిషితో పనుంది" అంది. మెచ్చుకోలు విని లొంగనివాడెవడు? ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాడు.

ల్యాబులో రాతిబల్ల మీద దూది పరిచిన చెక్కపెట్టె ఉంది. అందులో మూత తీసిన డిస్కు అద్దంలా మెరుస్తూ తిరుగుతోంది. డిస్కు రాస్తూ ఉండగా ఎస్తేరు, "ఏదైనా అనండి" అంది. కోటిలింగం మొహమాటంగా "నమస్కారం" అన్నాడు. తెర మీద తిన్నని గీత ఒకటి గజగజలాడింది.

"ఇది నాకు తెలిసిందేనండీ" అన్నాడు. "వినాయకచవితికి తొమ్మిదిరోజులూ మా సందులో మైకు మోగుతుంది. ఆ రోజుల్లో డిస్కులు నత్తనడక నడుస్తాయి. లోపల రాసే చెయ్యి సన్నటిది కదా, అదురుతుంది."

ఎస్తేరు మొహం వెలిగింది. "అంతే! మనం రాసేటప్పుడు ఎవరైనా మోచెయ్యి కదిపితే గీత వణుకుతుందా లేదా? అక్షరం మారదు. కానీ వణుకు అందులో ఉండిపోతుంది. డిస్కు రాస్తున్నప్పుడు ఆ గదిలో ఏ చప్పుడైతే అయ్యిందో అది రాతలో వణుకుగా ఉండిపోతుందండి. నేను ఆ వణుకుని మళ్ళీ చప్పుడు చేస్తున్నాను."

"మరి కొత్తదానిలోకి కాపీ చేస్తే?"

"అక్షరాలు వెళతాయి. వణుకు వెళ్ళదు. కొత్తదానికి కదిలే చెయ్యే లేదు కదండీ."

కోటిలింగానికి తన చేతులవైపు చూసుకోవాలనిపించింది. ఈ చేతులతో ఎన్నివేల డిస్కులు మార్చాడో!

"ఒకటే చిక్కు" అంది ఎస్తేరు. "వణుకు పైకి తేలాలంటే డిస్కులో తిరిగే ఈ పళ్ళేన్ని కొంచెం వేడి చెయ్యాలి. ఒక్కసారి వింటే చెరిగిపోతుంది. విన్నప్పుడు నేను భద్రం చేసుకున్నదే మిగులుతుంది." బల్ల మీద ఇంకో డిస్కు తీసింది. "ఇది మా ఆఫీసు గుమాస్తాగారిది. వాళ్ళింట్లో ఆరేళ్ళు నడిచింది. ఇళ్ళలో డిస్కులు అప్పుడింతా అప్పుడింతా రాస్తాయి కనక తునకలే దొరుకుతాయి. కుక్కరు కూతలో సగం, పసిపిల్ల ఏడుపులో పావు. చూద్దాం."

డిస్కు తిరిగింది. స్పీకరులో ముందు గాలి చప్పుడు. తరవాత స్కూటరు హారను. గాజుగ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు. ఆపైన, తునకా కాదు, పావూ కాదు, నిండు గొంతు:

"ఎనిమిది స్క్రూలు తీసారు, ఏడే పెట్టారు. ఎనిమిదోది ఏది? నేను చూస్తానే ఉన్నాను. కిందకి వొంగి చూడండి, మీ కుడికాలి దగ్గర!"

"ఊఁ" అంది ఒక మగగొంతు.

కోటిలింగం నిజంగానే వంగి తన కుడికాలి దగ్గర చూశాడు. తరవాత అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు.

"ఇదేమిటి, గుమాస్తాగారింట్లో షాపు పెట్టారా?" అని ఎస్తేరు ఆశ్చర్యపోతోంది. "తెగకుండా వస్తోంది. ఇంత పొడుగు రాత ఎక్కడిది?"

"పాలిష్" అన్నాడు కోటిలింగం. "ఇదీ మా షాపులో మార్చిందే అయ్యుంటుంది. మొదటి గడి నుంచి చివరి గడి దాకా మళ్ళీ రాయించాను కదండీ. వాళ్ళింటి వణుకు పోయింది. మా షాపు వణుకు ఎక్కింది." తరవాత, "అది మా ఆవిడ" అన్నాడు.

విషయం ఇంట్లో చెబితే సత్యవేణి నమ్మలేదు. ఎస్తేరు పంపిన ముక్క వినిపిస్తే నమ్మింది. కళ్ళు మూసుకుని నాలుగుసార్లు వింది. పలక మీద, "నిజంగానే కాకి" అని రాసి నవ్వింది. చప్పుడు లేని నవ్వు. ఆ తరవాత చాలాసేపు చీరకొంగుతో మొహం తుడుచుకుంటూనే ఉంది.

ముందు ఆవిడ సొంత ల్యాప్‌టాప్ డిస్కు గుర్తొచ్చింది. ఇంట్లో ఏడేళ్ళు ఆవిడ పక్కనే ఉన్నది. కానీ ఆపరేషను రోజున, ఇంటికొచ్చేసరికి ఆశ్చర్యపోవాలని, కోటిలింగమే దానికి పాలిష్ పట్టి కొత్తది వేసిపెట్టాడు. ఆవిడని థియేటరులోకి తీసుకెళ్ళాక, బయట కూర్చోలేక, షాపుకొచ్చి చేసిన పని అది. ఎస్తేరు దాన్ని వినిపించింది. మూడు గంటలు ఫ్యాను చప్పుడు. మధ్యమధ్యలో ఒక మగవాడు ముక్కు చీదుకున్నాడు. అంతే.

ఇక మిగిలింది ఊళ్ళోవాళ్ళ డిస్కులు. ఎస్తేరు పని గురించి అప్పటికే పేపర్లో పడింది. జనం పాత డిస్కులు పట్టుకుని ల్యాబు ముందు బారులు తీరుతున్నారు. పోయినవాళ్ళ దగ్గు వినపడినా చాలని వస్తున్నారు. కోటిలింగం షాపులో పాలిష్ పట్టించుకున్నవాళ్ళకి అదీ దక్కదు. ఈ సంగతి తమ ఇద్దరికీ ఎస్తేరుకీ తప్ప ఎవరికీ తెలీదు. పరిశోధనకి కావాలని చెప్పి ఊరుకుంటే డిస్కులు వాటంతటవే వస్తాయి. పాత గిరాకీలందరికీ అలాగే రాశాడు సందేశం. సత్యవేణి ఫోను లాక్కుని చదివి, పలక మీద పెద్ద అక్షరాలతో రాసింది: "నిజం రాయండి. లేకపోతే అడగొద్దు."

రాశాడు. మీ డిస్కులో మీ ఇంటి చప్పుడు ఉండదని, మంచి చేస్తున్నాననుకుని తనే చెరిపేశానని, అందులో ఉన్నది తన భార్య గొంతని, దయతలిచి ఇస్తే ఆవిడ మళ్ళీ మాట్లాడగలుగుతుందని. కొందరు తిట్టారు. కొందరు జవాబివ్వలేదు. పదకొండుమంది సంచీలు తెచ్చి సత్యవేణి ఒళ్ళో పెట్టి వెళ్ళారు.

రెండు గంటల గొంతు పోగైంది. పట్టీకి అమర్చారు. సత్యవేణి కట్టుకుని పెదవులు కదిపింది. "మంచినీళ్ళు తాగుతారా?" అంది పట్టీ. గొంతు ఆవిడదే, అనుమానం లేదు. కానీ కోటిలింగం లేచి నిలబడబోయాడు, షాపులో ఎవరో కొత్తవాళ్ళని పలకరిస్తున్నట్టు అనిపించి. ఆవిడ ఇంకో రెండు మాటలు అంది. విప్పేసింది.

"ఇది షాపు గొంతు" అని రాసింది. "గిరాకీతో మాట్లాడే గొంతు. మీతో ఇలా మాట్లాడానా ఎప్పుడైనా?"

నిజమే. పదకొండు డిస్కుల్లోనూ అంగట్లో అరిచిన సత్యవేణి ఉంది. ఇద్దరే ఉన్నప్పుడు, దారాన్ని పంటితో తెంపుతూ, తగ్గించిన గొంతుతో ఆయనతో మాట్లాడిన సత్యవేణి లేదు. ఆ గొంతు పదినిమిషాలు దొరికినా చాలంది ఎస్తేరు. లేకపోతే ఈ జన్మకి ఆవిడ మొగుణ్ణి గిరాకీని పలకరించినట్టే పలకరించాలి.

కోటిలింగం జ్ఞాపకాలన్నీ తిరగేశాడు. ఒక వర్షాకాలం మధ్యాహ్నం, డిస్కు పాలిష్‌లో ఉండగా, దాని సొంతదారులు ఎదురుగా హోటలుకి టిఫినుకి వెళ్ళి వానకి అక్కడే చిక్కుకుపోయారు. షాపులో తామిద్దరే ఉన్నారు. ఆ డిస్కు బేబీ సరోజినిగారిది. సందేశానికి జవాబివ్వనివాళ్ళలో ఆవిడొకరు.

సరోజినిగారు టెలిఫోను ఎక్స్‌ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. అక్క విమలగారితో కలిసి ఉండేది. విమలగారు పోయి ఏడాదైంది. కోటిలింగం వెళ్ళేసరికి సంచీ బల్ల మీదే ఉంది, పక్కన ల్యాబువాళ్ళకి ఇవ్వడానికి నింపిన కాగితం.

"నీ సందేశం చూశాను" అంది ఆవిడ. "చూసి కూడా ఈ కాగితం నింపాను. అబద్ధమైతే బాగుండునని."

"అబద్ధం కాదమ్మా."

"మా అక్క మాట్లాడేదే తక్కువ. రోజుకి పది మాటలు. ఏ మాటైనా ఇందులో పడి ఉంటుందని ఆశ పడ్డాను. అంటే మా అక్క గొంతు చెరిపేసి నీ పెళ్ళాం గొంతు రాసుకున్నావన్నమాట."

కోటిలింగం కాదనలేదు. "రాసుకున్నానమ్మా. తెలిసి చెయ్యలేదు. కానీ చేసింది నేనే."

ఆవిడ చాలాసేపు సంచీ తాడు లాగుతూ, వదులుతూ కూర్చుంది. "ఇస్తాను" అంది చివరికి. "కానీ వినేటప్పుడు నేనూ ఉంటాను. నా డిస్కు చచ్చిపోతుంటే నేను పక్కన లేకుండా ఎలా?"

ల్యాబులో ముగ్గురూ కూర్చున్నారు. పళ్ళెం తిరిగింది. మొదట అంగడి గొంతుతో సత్యవేణి, "మళ్ళీ వచ్చారా, రండి రండి, మీది ఇప్పుడే పాలిష్‌కెక్కింది, వానొచ్చేలా ఉంది, లోపలికొచ్చి కూర్చోండి" అంది. సరోజినిగారి గొంతు, కుర్చీలు లాగిన చప్పుడు. తరవాత ఎవరో సన్నగా దగ్గి అన్నారు: "ఆ ఫ్యాను కొంచెం తగ్గించమ్మా, చలేస్తోంది."

సరోజినిగారు చటుక్కున కోటిలింగం మోచెయ్యి పట్టుకుంది. "అక్క" అంది. "ఆ రోజు నాతో వచ్చింది! మరిచేపోయాను, ఆ రోజు నాతో వచ్చింది." మళ్ళీ వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గింది. విమలగారు ఇంకేమీ అనలేదు. అక్కాచెల్లెళ్ళు టిఫినుకి లేచి వెళ్ళిపోయారు. ఎస్తేరు ఆ ఒక్క ముక్కా భద్రం చేసింది.

వాన మొదలైంది. రేకుల మీద చినుకులు. స్క్రూడ్రైవర్ తిరుగుతున్న చప్పుడు. అప్పుడు, కోటిలింగం రెండేళ్ళుగా వినని గొంతు, మెత్తగా, దగ్గరగా వచ్చింది.

"ఏవండీ."

"ఊఁ."

"గొంతులో ఏదో అడ్డంపడ్డట్టు ఉంటందండి. పదిహేను రోజులైంది. మింగుతుంటే తెలుస్తంది."

స్క్రూడ్రైవర్ తిరుగుతూనే ఉంది.

"వింటన్నారా?"

"ఊఁ. చూద్దాంలే."

వాన. దారం తెంపిన చప్పుడు. సంచీల కబుర్లు, టీ కబుర్లు, పక్కింటావిడ కొత్త కుక్కపిల్ల కబుర్లు, అన్నిటికీ "ఊఁ"లు. ఎనిమిది నిమిషాలు గడిచాక మళ్ళీ:

"ఏవండీ, ఒకసారి డాక్టరుకి చూపిద్దామా? నాకెందుకో భయంగా ఉంది."

"ఈ వారం కానీ. ముగ్గురివి ఇచ్చెయ్యాలి."

"సరేలెండి. ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే తగ్గుద్దేమో."

డిస్కు ఆగింది. సంచీ మీద తేదీ చూడక్కర్లేదు. కోటిలింగానికి తెలుసు. డాక్టరు దగ్గరికి వెళ్ళింది ఆ తరవాత నాలుగు నెలలకి.

"ఒక్క ముక్క నా చెవిన వెయ్యలేదు" అని ఎంతమందికి చెప్పాడో కోటిలింగం లెక్కపెట్టుకోబోయాడు. అబద్ధమాడలేదు. నిజంగానే అలా అనుకున్నాడు. చెవిన వేసింది, చెవిలోకి ఎక్కలేదు, అంతే.

ఎస్తేరు మెల్లగా అడిగింది. "ఇది భద్రం చెయ్యమంటారా? చెయ్యకపోతే ఇక్కడితో పోతుంది. మనం ముగ్గురం తప్ప ఎవరూ వినలేదు. పోనీ ఆ రెండు ముక్కలూ తీసేద్దామన్నా, గొంతు మరీ మెత్తగా వచ్చింది అక్కడేనండి. అవి లేకపోతే చాలదు."

సరోజినిగారు కిటికీలోంచి బయటికి చూస్తోంది. అక్క గొంతు చెరిపేశావని ఇంట్లో అన్న మాట ఇప్పుడు అనదలుచుకున్నట్టు లేదు.

"ఉంచండి" అన్నాడు కోటిలింగం. "మొత్తం ఉంచండి. నా ఊఁలతో సహా."

ఇంటికెళ్ళి, ఏమీ చెప్పకుండా వినిపించడం దొంగతనంలా ఉంటుందనిపించి, ముందే చెప్పాడు. "సత్యా, నువ్వు నాకు చెప్పావు. నేను వినలేదు. ఊరందరికీ నువ్వు చెప్పలేదని చెప్పాను." అంతకుమించి గొంతు పెగలలేదు. ఈ మాటు పెగలనిది ఆయనకి.

సత్యవేణి ఇయర్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని మొత్తం వింది. వానతో సహా, కుక్కపిల్లతో సహా. విన్నాక పలక తీసుకుని నిదానంగా రాసింది.

"ఆ రోజు మూడుసార్లు చెప్పాను. ఇందులో రెండే ఉన్నాయి. మూడోసారి చెప్పేటప్పటికి పాలిష్ అయిపోయినట్టుంది."

కోటిలింగం తల వంచుకున్నాడు. స్క్రూల దగ్గరే కాదు, ఆవిడ లెక్క ఎప్పుడూ తప్పలేదు.

"రెండేళ్ళుగా నీకు తెలుసు. ఎందుకు రాయలేదు?" అన్నాడు.

"రాస్తే ఏమయ్యేది? మీరు ఏడ్చేవారు. నేను ఓదార్చాలి. గొంతు లేకుండా ఓదార్చడం కష్టం." అది చదివి ఆయన ఏడవనే ఏడ్చాడు. ఆవిడ మీట నొక్కి పలక చెరిపేసి, వచ్చి పక్కన కూర్చుంది.

మర్నాటి నుంచి కోటిలింగం చుట్టాలందరికీ వరసగా ఫోన్లు చేశాడు. "నేను చెప్పింది తప్పండీ. మా ఆవిడ చెప్పింది. నేనే వినలేదు." కొందరు, ఇప్పుడెందుకయ్యా ఆ సంగతి అన్నారు. ఆయన మాత్రం జాబితాలో ఒక్కరినీ వదలలేదు. షాపులో పాలిష్ మానలేదు, కానీ మొదలుపెట్టే ముందు అడగడం నేర్చుకున్నాడు: "మీ ఇంటి చప్పుడు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?" ఉంచమన్నవాళ్ళకి, సగంలో మొరాయించినా సరే, దిద్దకుండానే ఎత్తి రాస్తున్నాడు. గురువు మాట దాటడం అదే మొదటిసారి.

మూడు వారాల తరవాత ఒక మధ్యాహ్నం. బల్ల మీద ఎవరిదో పాత ల్యాప్‌టాప్, కొత్త డిస్కు బిగించి వెనకమూత పెడుతున్నాడు. ఏడు స్క్రూలు అయ్యాయి. ఎనిమిదోదాన్ని స్క్రూడ్రైవర్ కొసకి తగిలించి గుంటలోకి దింపుతున్నాడు. ఎస్తేరు పొద్దున్నే వచ్చి వెళ్ళిన సంగతి ఆయనకి తెలీదు. సత్యవేణి స్టూలు మీద కూర్చుని, మెడకి ఏదో సవరించుకుంటోంది.

"ఏవండీ."

మెత్తగా, దగ్గరగా, వాన లేని వానమధ్యాహ్నంలా.

ముప్ఫయ్యేళ్ళ అలవాటు "ఊఁ" అని పెదవుల దాకా వచ్చేసింది. కోటిలింగం దాన్ని అక్కడే ఆపాడు. స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. స్క్రూ జారి, బల్ల మీద దొర్లి, నేల మీద పడి ఎటో పోయింది. ఆయన వంగి చూడలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గిరాకీల కుర్చీ లాక్కుని, ఆవిడ మోకాళ్ళకి తన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు.

"చెప్పు సత్యా. వింటున్నాను."

సత్యవేణి ఆయన మొహంలోకి కాసేపు చూసింది.

"ఏం లేదండి" అంది. "ఊరికే పిలిచాను."